ఇక్మా కనుమలో చెక్కిన పేర్లు

విరాళమిచ్చినవారి పేరునో, వారు తలచుకోదలచిన ఆప్తుల పేరునో ఇటుక మీద చెక్కించి, ప్రకృతి కేంద్రాల కాలిబాటలో ఆ ఇటుకను పొదగడం అమెరికా వంటి దేశాలలో బాగా స్థిరపడిన ఆచారం. ప్రకృతి కేంద్రమంటే ఒక అడవి తునకనో, చిత్తడి నేలనో కాపాడుతూ, అందులోని చెట్టుచేమలను, పిట్టలను, పురుగులను బడిపిల్లలకూ పెద్దలకూ పరిచయం చేసే సంస్థ. దాని నిర్వహణకు కావలసిన సొమ్ములో కొంత ఈ ఇటుకల మూలంగా సమకూరుతుంది. అక్షరాల మేరకు కత్తిరించిన రబ్బరు పొరను ఇటుకకు అతికించి, గరుకు రేణువులను గాలి ఒత్తిడితో దానిపై చిమ్మితే, పొర లేనిచోట మాత్రమే ఇటుక అరిగి అక్షరం లోతుగా దిగుతుంది. వసంతంలో ఆ బాటన నడిచేవారు పూలను చూస్తూ, మధ్యమధ్య తల వంచి, ఎన్నడూ ఎరగని మనుషుల పేర్లు చదువుకుంటూ పోతారు. పేరును, విరాళాన్ని, ప్రకృతిని, ఋతువును ఒకే దారిలో కలిపిన ఈ ఏర్పాటు నేటి నిధుల సేకరణలో పుట్టిన ఉపాయంగా కనిపించినా, దీనికి రెండు వేల ఏళ్లకు పైబడిన పోలిక ఒకటి సౌదీ అరేబియా వాయవ్య భాగంలో, అల్ ఉలా లోయలో, కొండరాతి మీద నిలిచి ఉంది. ఈ ప్రసంగానికి విషయం అదే.

అల్ ఉలా మదీనా నగరానికి ఉత్తరంగా మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, రెండు ఇసుకరాతి కొండల వరుసల నడుమ సన్నగా సాగిన ఒయాసిస్సు. ఒయాసిస్సు అంటే ఎడారిలో భూగర్భజలం పైకి అందడం వల్ల సాగుకు, నివాసానికి అనువైన పచ్చని పట్టు. దక్షిణ అరేబియా నుంచి సాంబ్రాణిని, సుగంధ ద్రవ్యాలను మధ్యధరా తీరానికి చేరవేసిన ఒంటెల బిడారులకు ఈ లోయ తప్పనిసరి మజిలీ కావడంతో, క్రీస్తుకు పూర్వం మొదటి సహస్రాబ్దిలో ఇక్కడ దదాన్ అనే రాజ్యమూ, దాని తరువాత దదాన్ నగరమే రాజధానిగా లిహ్యాన్ రాజ్యమూ వర్ధిల్లాయి. ఆ రాజధాని శిథిలాలకు ఉత్తరాన జబల్ ఇక్మా అనే కొండ ఉంది. జబల్ అంటే అరబ్బీలో కొండ. ఆ కొండను చీలుస్తూ లోపలికి పోయే ఇరుకైన కనుమలో, అటూ ఇటూ నిలువు బండల మీద, పడిపోయిన గుండ్ల మీద, మనిషి చేయి అందే ఎత్తులోనూ అందని ఎత్తులోనూ కూడా, వందలాది శాసనాలు చెక్కి ఉన్నాయి. వీటిలో అధికభాగం దదానీయ లిపిలోనివి. ఇరవై ఎనిమిది హల్లులతో కుడి నుంచి ఎడమకు నడిచే ఈ లిపి నేటి అరబ్బీ లిపికి తల్లి కాదు. అది దక్షిణ అరేబియా లిపులకు బంధువు, ఆ శాఖ ఇప్పుడు ఇథియోపియా లిపిలో మాత్రమే బతికి ఉంది. యునెస్కో సంస్థ 2023లో జబల్ ఇక్మాను ‘ప్రపంచ స్మృతి’ జాబితాలో చేర్చింది. రాతప్రతులను, దస్తావేజులను, శాసనాలను మానవజాతి ఉమ్మడి జ్ఞాపకంగా గుర్తించడానికి ఏర్పడిన జాబితా అది.

ఈ కొండను బయలు గ్రంథాలయమని పర్యాటక ప్రచారంలో తరచు అంటుంటారు. ఆ మాట వినసొంపుగా ఉన్నా అంత సరైనది కాదు, ఎందుకంటే గ్రంథాలయంలో నానావిధాల పుస్తకాలుంటాయి, ఇక్మాలో మాత్రం ఒకే రకపు వాక్యం పేర్లు మార్చుకుంటూ పదేపదే వస్తుంది. ఫలానావాడి కొడుకు ఫలానావాడు ధూ గాబత్ దేవునికి ‘జల్ల్’ అనే కార్యం జరిపించాడనీ, అది ఫలానా చోట ఉన్న తన ఖర్జూరపు చెట్ల కోసమూ తన మలివాన పంట కోసమూ జరిపించాడనీ, కనుక దేవుడు అతనిని అనుగ్రహించి అతనికీ అతని సంతతికీ మేలు చేయాలనీ ఆ వాక్యపు సారాంశం. ఊరి పేరు మారుతుంది, మనిషి పేరు మారుతుంది, ఒక్కొక్కచోట దేవుడి పేరు కూడా మారుతుంది. అడిగేది మాత్రం దాదాపు మారదు. కాబట్టి దీనిని గ్రంథాలయం అనేకంటె దాతల పేర్లు పొదిగిన నడకదారి అనడమే వస్తుతత్త్వానికి దగ్గర.

ఆ వాక్యంలోని మలివాన పంట అన్న మాట దగ్గర కొంతసేపు ఆగవలసి ఉంది. ఉత్తర అరేబియాలో వానలంటూ పడితే శరదృతువు చివర మొదలై వసంతం దాకా అప్పుడప్పుడు పడతాయి. శరత్తు చివర పడే తొలివానలు నేలను నానబెట్టి గింజను మేల్కొలుపుతాయి. చలికాలం తరువాత పడే మలివానలు ఆ మొలకను పంటగానో, గొర్రెలకూ ఒంటెలకూ మేతగానో నిలబెడతాయి. తొలివాన పడి మలివాన తప్పితే రైతుకూ కాపరికీ చేతికి వచ్చేది ఏమీ ఉండదు. ఆ రెండవ వానల కాలానికీ, దాని మీద ఆధారపడిన పంటకూ కలిపి ఈ శాసనాలలో వాడిన పదం ‘దస’ అనే రూపానికి దగ్గరగా ఉంటుందని, వసంతపు పైరు అని దానికి అర్థం చెప్పవచ్చునని శాసనవేత్తల అభిప్రాయం. ఇదే కాలంలో ఖర్జూరపు తోటలలో పరాగ సంపర్కం జరుగుతుంది. ఖర్జూరంలో మగచెట్టు, ఆడచెట్టు వేరువేరు కావడం వల్లా, గాలికి వదిలేస్తే కాపు అరకొరగా ఉండడం వల్లా, తోటమాలి మగపూల గుత్తిలోని రెమ్మలను కోసుకొని ఆడచెట్టు ఎక్కి, అప్పుడే విచ్చిన పూగుత్తుల నడుమ వాటిని కట్టి వస్తాడు. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ దాకా సాగే ఈ పని సరిగా జరిగితేనే వేసవి చివర పండు. మలివానా, ఈ చేతిపనీ రెండూ ఒకే ఋతువులో పడడం వల్ల, అల్ ఉలా వంటి ఒయాసిస్సులో వసంతం సంబరాల కాలం కంటె ముందుగా ఆందోళనల కాలం అవుతుంది. ఇక్మాలో పేరు చెక్కించుకున్నవారు ఆ ఆందోళనలో ఉన్న గృహస్థులు.

అయితే వారు జరిపించిన ‘జల్ల్’ ఏమిటన్న దానిపై పండితులలో ఏకాభిప్రాయం లేదు. నీడ, కప్పు అనే అర్థాలిచ్చే ధాతువు నుంచి ఆ మాటను సాధించి, దేవుని కోసం ఏదో కప్పు వేసే కర్మ అని కొందరన్నారు. ఖర్జూరపు తోటలకు నీటిని తెచ్చే భూగర్భపు కాలువలను శుభ్రపరచి నిలబెట్టే పని అని మరికొందరు వాదించారు. కొండవార నీటిపొరను తవ్వి పట్టుకొని, ఎండకు ఆవిరి కాకుండా నేల అడుగున సొరంగంలోనే మళ్లించి, పల్లపు పొలాల దగ్గర పైకి తీసే కాలువలవి; వాటిలో పూడిక చేరడం సహజం, చేరితే తోట ఎండిపోవడమూ అంతే సహజం. ఈ రెండవ వాదం తెలుగువారికి మరింత ఆసక్తికరం, ఎందుకంటే నీటిపనిని పుణ్యకార్యంగా తలచి దానిని రాతిమీద నమోదు చేయడం వారికి కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన చెరువు శాసనం, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వివరించి, వెయ్యిమంది పనివారు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేసిన లెక్కను కూడా చెబుతుంది. పోరుమామిళ్ల శాసనంలో కట్టించినవాడు రాచబిడ్డ, రాసినవాడు సంస్కృత పండితుడు, విషయం ఇంజనీరింగు శాస్త్రమంత విపులం. ఇక్మాలో ఆ విపులత ఏమీ లేదు, రెండు మూడు పంక్తులలో పని ముగుస్తుంది. కానీ అక్కడ కనిపించేవారు తమ తోట, తమ చేను తప్ప వేరే ఆధిపత్యం చెప్పుకోని గృహస్థులు. 

దేవుని విషయం కూడా గమనించదగినదే. ధూ గాబత్ అనే పేరుకు గుబురులోని స్వామి, తోపులోని స్వామి అని పండితులు అర్థం చెబుతారు. చుట్టూ రాయి, ఇసుక తప్ప మరేమీ లేనిచోట చెట్ల గుంపునే దైవానికి నెలవుగా భావించిన జాతి అది. పచ్చదనం కోసం, పచ్చదనంలోని దేవునికి, వసంతపు పంట పేరు చెప్పి సమర్పణ చేసి, చేసినవాడి పేరును దారిపక్క రాతిలో నిలిపిన ఈ ఆచారం నేటి ప్రకృతి కేంద్రపు ఇటుకకు ఎంత చేరువో వేరుగా చెప్పనక్కరలేదు.

చెక్కిన తీరులో కూడా దాతల స్తోమత తెలుస్తుంది. ఎడారి రాయి ఉపరితలం వేల ఏళ్ల ఎండకు, గాలికి, ఇనుము, మాంగనీసు కలిసిన సన్నని పొర పట్టి నల్లగానో, ముదురు గోధుమరంగులోనో మారుతుంది. దానిని గీకితే లోపలి లేత ఎరుపు బయటపడుతుంది కాబట్టి, సూదిమొన రాయి ఉన్న ఎవరైనా అక్షరం రాయగలరు. ఇక్మాలో అలాంటి గీతలూ ఉన్నాయి, ఉలితో లోతుగా దింపిన అక్షరాలూ ఉన్నాయి. వీటన్నిటికంటె విశేషమైనవి ఉబ్బెత్తు అక్షరాలు. ఉబ్బెత్తు చెక్కడమంటే అక్షరాన్ని తవ్వకుండా, అక్షరం చుట్టూ ఉన్న రాతినంతా తీసివేసి, అక్షరాన్ని మాత్రం ఎత్తుగా మిగల్చడం. ఒక్క అక్షరం కోసం దానికి అనేక రెట్లు రాయి తొలగించవలసిన ఈ పనికి నేర్చిన శిల్పి, అతనికిచ్చే కూలి, ముందుగా గీసుకున్న నమూనా తప్పనిసరి. పొరపాటు దొర్లితే సరిదిద్దే వీలు లోచెక్కుడు పనిలో కంటె ఇందులో మరింత తక్కువ. అంత ఖర్చుకు సిద్ధపడినవారిలో స్త్రీలూ ఉన్నారు. తమ పేరనే ‘జల్ల్’ జరిపించి, తమ తోట కోసమే మేలు కోరిన స్త్రీల శాసనాలు ఈ లోయలో దొరికాయి. కొన్ని శాసనాలు లిహ్యాన్ రాజుల పాలనా సంవత్సరాలతో తేదీ చెబుతాయి. ఆ రాజులలో ఒకడి పేరు తల్మీ. ఈజిప్టును ఏలిన టాలమీల పేరే అరేబియాలో ఇలా మారిందని సాధారణంగా భావిస్తారు. టాలమీల రాజధాని అలెగ్జాండ్రియాలోని మోజు ఖర్జూరపు తోటల దాకా పాకిందన్నమాట.

తెలుగునాట దాతల పేర్లతో నిండిన ప్రాచీన కట్టడమంటే అమరావతి స్తూపమే గుర్తుకు రావాలి. అక్కడి సున్నపురాతి పలకలలో అనేకం ఎవరెవరు ఇచ్చారో పేరుపేరునా చెబుతాయి. చర్మకారుడైన విధికుడు, నాగుడనే ఉపాధ్యాయుని కొడుకు, తల్లినీ భార్యనూ అన్నదమ్ములనూ బిడ్డలనూ కలుపుకొని పూర్ణఘటం చెక్కిన పలకను ఇచ్చిన సంగతి చరిత్ర విద్యార్థులందరికీ తెలిసినదే. కులవృత్తినీ కుటుంబాన్నీ దాచుకోకుండా చెప్పుకున్న ఆ శాసనం, ఇక్మాలోని శాసనాల వలెనే, రాజుల చరిత్రలో చోటు దొరకని మనుషులకు రాయి ఇచ్చిన చోటు. తేడా ఎక్కడుందంటే, అమరావతి దాత ఒక ఉమ్మడి కట్టడంలో తన పలకను చేర్చాడు, కనుక అతని పేరు మొత్తం స్తూపంలో ఒక భాగం. ఇక్మా దాత ఏ కట్టడంలోనూ చేరలేదు, కొండే అతనికి కట్టడం. అందుకే అమరావతి పలకలు పందొమ్మిదవ శతాబ్దంలో ఊడదీయబడి చెన్నైకీ లండన్‌కూ చేరగలిగాయి, ఇక్మా బండలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి.

అల్ ఉలాలో శాసనపు రాళ్లన్నీ ఉన్నచోటనే ఉన్నాయని మాత్రం దీనికి అర్థం కాదు. దదాన్ రాజధాని పాడుపడిన తరువాత, దానికి దక్షిణంగా వెలసిన పాత ఊరి ఇళ్లకు అక్కడి రాళ్లే పునాదులుగా, గోడలుగా వచ్చాయి. రాతి పునాది మీద పచ్చి మట్టి ఇటుకలతో, ఒకదానినొకటి ఆనుకొని కట్టిన సుమారు తొమ్మిది వందల ఇళ్లు గల ఆ ఊరిలో 1980ల తొలినాళ్ల వరకు జనం కాపురమున్నారు. 1907 నుంచి 1910 వరకు మూడు పర్యాయాలు ఈ ప్రాంతానికి వచ్చిన ఫ్రెంచి డొమినికన్ సన్యాసులు జోసాన్, సావిన్యాక్ నకలు తీసుకున్న శాసనాలలో పలు శాసనాలు ఇళ్ల గోడలలో ఒదిగి ఉన్నవే. గడపరాయిగా, మూలరాయిగా వాడినప్పుడు ఆ పేరు ఎవరిదో ఇల్లు కట్టుకున్నవాడికి పట్టలేదు. లిపి తెలిసినవారు అప్పటికే లేరు. ఇది చూసి నొచ్చుకునే పురావస్తు ప్రేమికులు ఉంటారు గాని, నిజానికి గోడలో చేరడం వల్లనే ఆ రాళ్లలో కొన్ని నాశనం కాకుండా మిగిలాయి.

గోడలో పేరు అనగానే బాబిలోన్ ఇటుకల ప్రస్తావన తప్పదు, ఎందుకంటే ఆ ఇటుకల మీద తన ముద్ర వేయించిన రాజు ఒకడు అరేబియాలోనే పదేళ్లు నివసించాడు. క్రీ.పూ. 556లో బాబిలోన్ సింహాసనమెక్కిన నబోనిదస్, రాజధానిని కొడుకుకు అప్పగించి, అల్ ఉలాకు ఈశాన్యంగా ఉన్న తైమా ఒయాసిస్సులో కాపురం పెట్టాడు. అతని సేవకులమని చెప్పుకున్నవారి గీతలు తైమా చుట్టుపక్కల బండల మీద దొరికాయి. మెసొపొటేమియాలో మాత్రం అతని పేరు, అతనికి ముందు రెండవ నెబుకద్నెజరు పేరు, పచ్చి ఇటుకపై ముద్ర కొట్టి కాల్చినది. అలా ముద్రవేసిన ఇటుకలలో చాలా వాటిని ముద్ర పైకి కనిపించకుండా గోడలో పరిచేవారు. ఆ పేరు దారిన పోయేవాడి కోసం కాదు, గుడి కూలి మళ్లీ కట్టవలసి వచ్చిన నాడు పునాది తవ్వే భావి రాజు కోసం, అన్నిటినీ చూసే దేవుడి కోసం. చెక్కిన పేర్లన్నీ ఒకే ఉద్దేశంతో పుట్టినవి కావన్నమాట: రాజు ఇటుక దారినపోయే చదువరిని కోరదు. అరేబియా కొండల మీది పేర్లు కోరుతాయి. ఈ లోయలో తరువాతి శతాబ్దాల రాతలు చూస్తే అది ఇంకా స్పష్టమవుతుంది.

అల్ ఉలాకు ఉత్తరాన ఇరవై కిలోమీటర్ల ప్రాంతంలో హెగ్రా ఉంది. అరబ్బులు దానిని అల్ హిజ్ర్ అనీ, మదాయిన్ సాలిహ్ అనీ అంటారు. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ స్థలం సౌదీ అరేబియా నుంచి ఆ జాబితాకెక్కిన మొదటిది. నబతీయులు, అంటే పెట్రా రాజధానిగా ఏలిన అరబ్బు వర్తక జాతి, ఇక్కడ కొండలను తొలిచి చేసిన 111 పెద్ద సమాధులలో కొన్నిటి ముఖద్వారాల మీద శాసనాలున్నాయి. అవి క్రీ.పూ. 1 నుంచి క్రీ.శ. 75 వరకు తేదీలున్న ఆస్తి దస్తావేజులు: సమాధి ఎవరిది, అందులో ఎవరెవరిని ఉంచవచ్చు, అమ్మినా తాకట్టు పెట్టినా దేవునికి ఎంత, రాజుకు ఎంత జరిమానా కట్టాలి, తొలిచిన శిల్పి ఎవరు అన్నవన్నీ వాటిలో ఉంటాయి, ఒక శాసనం తన ప్రతి దేవాలయంలో భద్రపరచబడిందని కూడా చెబుతుంది. ఆ దస్తావేజులలో కనిపించని ఆర్ద్రత, నబతీయులు దారిపక్క గీసిన చిన్న రాతలలో ఉంది. ఫలానావాడు మంచితో స్మరింపబడుగాక అన్నది వాటిలో ఎక్కువగా కనిపించే మాట. స్మరించేది ఎవరు? ఆ మాట చదివినవాడే. 267వ సంవత్సరంలో కాబ్ అనే అతను తన తల్లి రకూష్ కోసం వేయించిన సమాధి శాసనం ఈ రెండు ధోరణులకూ మధ్యది. నబతీయ లిపిలో అరబ్బీ మాటలు జొరబడిన ఆ శాసనం, కొడుకు కట్టించిన సమాధినీ తల్లి మరణించిన నెలనూ చెప్పి, తెరిచినవారిని శపిస్తుంది. భాషా చరిత్రకారులకు అది అరబ్బీ పుట్టుకకు సాక్ష్యం, శాసనం వేయించినవాడికి తల్లి గుర్తు.

హెగ్రాకూ అల్ ఉలాకూ నడుమ ఎర్రని బండ మీద ఉన్న మరొక శాసనం కొద్ది మాటలదే. జుహైర్ అనే అతను, ఉమర్ మరణించిన కాలంలో, ఇరవై నాలుగవ సంవత్సరంలో తాను దానిని రాసినట్లు చెప్పుకున్నాడు. హిజ్రీ 24 అంటే క్రీ.శ. 644, ఉమర్ అంటే ఇస్లాం రెండవ ఖలీఫా. తేదీ ఉన్న తొలి ఇస్లామీయ శాసనాలలో ఒకటైన దీనిని యునెస్కో 2003లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఒకే గీత మీద చుక్కల తేడాతో వేరు చేయవలసిన అరబ్బీ అక్షరాలు కొన్ని ఉండగా, ఆ చుక్కలు తరువాతి కాలంలో వచ్చాయన్న పాత నమ్మకాన్ని ఈ రాయి తిరగరాసింది, ఎందుకంటే ఇందులోని కొన్ని అక్షరాలకు చుక్కలున్నాయి. హజ్ యాత్రికుల దారుల వెంట ఆ తరువాత చెక్కిన వేలకొలది రాతలలో, రాసినవాడినీ, చదివి ఆమీన్ అన్నవాడినీ దేవుడు మన్నించాలన్న ప్రార్థన తరచు కనిపిస్తుంది. ఇది తెలివైన ఒప్పందం. చదువరి ఒక మాట అంటే ఇద్దరికీ ఫలం. అనకపోతే ఇద్దరికీ నష్టం. నేటి ఇటుకల బాటలో దాత ఇచ్చినది డబ్బు, పొందినది పేరు, చదువరికి అందులో పాత్ర ఏమీ లేదు. పాత రాతలో చదువరి లేకుండా పని పూర్తి కాదు.

ఎడారి కాపరులు ఈ సంగతిని మరింత సూటిగా చెప్పారు. దక్షిణ సిరియా, ఈశాన్య జోర్డాన్, ఉత్తర సౌదీ అరేబియాలలో పరచుకొన్న నల్లని లావా రాళ్ల ఎడారిలో సఫాయీ లిపి అనే మరొక ప్రాచీన లిపిలో ముప్పై వేలకు మించిన రాతలు నమోదయ్యాయి. తాతముత్తాతల పేర్లు వరుసగా చెప్పి, మలివానల కాలాన్ని ఇక్కడ గడిపాననో, మేకలను మేపాననో, చనిపోయిన చెలికాడి రాత కంటబడి దుఃఖించాననో చెప్పుకోవడం వాటిలో సాధారణం. ఈ రాతను చెరిపినవాడు గుడ్డివాడు కావాలని, చదివినవాడికి లాభం కలగాలని వాటిలో చాలా ముగుస్తాయి. బజారులో లెక్క రాయవలసిన అవసరం గానీ, ఉత్తరం పంపే వసతి గానీ లేని సంచార జనం ఇంత విరివిగా రాయడానికి కారణం, మంద మేస్తున్నంతసేపు కాపరికి పని లేకపోవడమేనని శాసనవేత్తలు అంటారు. చదువు ఉపాధి కోసమే అనుకునేవారు ఈ కాపరుల సంగతి ఒకసారి ఆలోచించదగును.

దక్షిణ సౌదీ అరేబియాలోని నజ్రాన్‌కు ఉత్తరాన ఉన్న హిమా బావుల దగ్గర కూడా పేర్ల బండలున్నాయి. నీళ్లకు ఆగిన బిడారులూ, దండయాత్రకు వెళ్లే సైన్యాలూ చెక్కిన బొమ్మలు, రాతలు అక్కడ వేల ఏళ్ల పొడవునా ఒకదాని పక్కన ఒకటి చేరాయి, 2021లో అది ప్రపంచ వారసత్వ స్థలమైంది. అరేబియాలో హిమా అనే మాట మేతకూ నరికివేతకూ హద్దులు పెట్టి సమాజం కాపాడుకొనే బీడుకు కూడా చెల్లుతుంది. మదీనా సమీపంలోని అల్ నకీ అలాంటి రక్షిత భూమిగా ఇస్లాం తొలి కాలంలోనే ప్రసిద్ధి పొందింది. నేటి అభయారణ్యాల ఆలోచనకు అరేబియాలో దేశీయమైన వేరు అదే.

ఆ వేరు నుంచి వచ్చిన కొమ్మలలో ఒకటి అల్ ఉలాకు ఈశాన్యంగా సుమారు 1,500 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన షరాన్ ప్రకృతి రక్షిత ప్రాంతం. 2017లో ఏర్పడిన అల్ ఉలా రాజ కమిషన్ దానిని నిర్వహిస్తూ, మేత ఒత్తిడికి బోడిగా మారిన లోయలలో తుమ్మజాతి చెట్లను, గడ్డిని తిరిగి పెంచుతూ, వేటవల్ల కనుమరుగైన కొండమేకలను, జింకలను విడిచిపెడుతోంది. అంతరించే దశలో ఉన్న అరేబియా చిరుతను ఏనాటికైనా అక్కడ వదలాలన్న లక్ష్యంతో సంతానోత్పత్తి కార్యక్రమం కూడా నడుస్తోంది. ఇక్మా బండల మీద శాసనాల పక్కనే కొమ్ములు వెనక్కి వంగిన కొండమేకల బొమ్మలుండడం వల్ల, ఏ జంతువును తిరిగి తేవాలన్న ప్రశ్నకు రాయి కూడా కొంత జవాబు చెప్పినట్లయింది.

కొండకు నేటి సందర్శకుడు పేరు చేర్చకూడదు. పురావస్తు చట్టం ప్రకారం అది శిక్షార్హమైన నేరం, నేరం కావడం సమంజసమే, ఎందుకంటే కొత్తగా గీసే ప్రతి పేరు పాత పేరు ఒకదానిని మింగుతుంది. ఈ నిబంధనలో ఒక వింత మాత్రం ఉంది: రెండు వేల మూడు వందల ఏళ్ల క్రితం ఒక ఖర్జూరపు రైతు చేసిన పనినే మరొకరు చేస్తే ఇప్పుడు జరిమానా, మొదటివాడు చేసినది వారసత్వ సంపద. తెగల గుర్తులుగా ఒంటెలకు కాల్చే వాతలను కాపరులు ఈ బండల మీద ఇటీవలి శతాబ్దాల వరకు గీస్తూనే వచ్చారు గనుక, ఆ గీతలలో ఎక్కడిదాకా చరిత్ర, ఎక్కడినుంచి చెరుపు అన్న హద్దు అంత సులువుగా తేలదు. పరిశోధకులు మాత్రం అన్నిటినీ ఫోటో తీసి నమోదు చేస్తున్నారు. ఉత్తర అరేబియా ప్రాచీన శాసనాలను మూలంతో, అనువాదంతో ఎవరైనా ఉచితంగా చూడగల కంప్యూటరు సంకలనం ఇప్పటికే ఉంది, దదానీయ శాసనాలు రెండు వేలకు దగ్గరగా అందులో చేరాయి.

ఇక్మాకు వెళ్లేవారిని కనుమ దాకా బస్సులో తీసుకువెళ్లి, అక్కడినుంచి నిర్దేశించిన బాటపై నడిపిస్తారు. శాసనాలను వివరించే స్థానికులను రావీలు అంటారు. పూర్వం తెగల పద్యాలనూ వంశకథలనూ నోటితో నిలిపినవారికి ఉన్న పేరే అది. నవంబరు నుంచి మార్చి వరకు నడకకు అనుకూలం. లోచెక్కుడు అక్షరాలు నడినెత్తి సూర్యుడికి బండలో కలిసిపోయి కనిపించవు, ఏటవాలుగా వెలుగు పడినప్పుడు మాత్రమే గాళ్లలో నీడ నిలిచి చదవడానికి వీలవుతుంది. ఉబ్బెత్తు అక్షరాలకు ఈ ఇబ్బంది కొంత తక్కువ. కనుక ఉదయపు తొలి బస్సుకో, సాయంకాలపు చివరి బస్సుకో వెళ్లడం మేలు. మలివాన బాగా పడిన ఏడాది లోయ అడుగున ఇసుకలో చిన్న పూల మొక్కలు కొద్ది వారాలు నిలుస్తాయి, కానీ అదే వాన ఒక్కొక్కప్పుడు కనుమలోకి వరదగా దిగుతుంది, ఆ రోజున బాట మూసివేస్తారు.